మారిషస్: చర్చి, కొండ, కడలి

హిందూ మహాసముద్రమున మడగాస్కరునకు తూర్పుగా మారిషస్ ద్వీపము కలదు. దాని వైశాల్యము సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు మాత్రమే. పగడపు దిబ్బలు కోటగోడవలె పెనుకెరటముల నాపుటచే తీరమున నీరు తటాకమువలె నిశ్చలముగా నుండును. తెల్లని యిసుకను, సరుగుడు తోపులను, నల్లరాతి కొండలను చూచుటకు ఏటేట లక్షలాది విహారయాత్రికులు వచ్చుచున్నారు. కాని పూర్వము ఆ తీరమున దిగినవారిలో అధికసంఖ్యాకులు విహారార్థము వచ్చినవారు కారు. ఆ సంగతి నెఱిగి చూచినపుడే ఆ సౌందర్యము పూర్తిగా బోధపడును.

ఆదియందు ఆ దీవిలో జననివాసము లేదు. 1598లో డచ్చివారు దిగి, తమ రాకుమారుడగు మారిస్ పేర దానిని పిలిచిరి. 1710లో వారు విడిచిపోగా, 1715లో ఫ్రెంచివారు స్వాధీనపఱచుకొని, మడగాస్కరునుండియు తూర్పు ఆఫ్రికానుండియు బానిసలను తెప్పించిరి. కథోలిక మతము ఫ్రెంచివారితోనే వచ్చినది. బానిసలకెల్ల జ్ఞానస్నాన మొసగవలెనని 1723 నాటి ఫ్రెంచి శాసనము విధించెను. ఆ శాసనమే వారిని యజమానుల చరాస్తిగా నెంచెను. తలపై పవిత్రజలము పడినది గాని కాలి సంకెల వీడలేదు. 1810లో ద్వీపమును జయించిన ఆంగ్లేయులు జనుల మతమును, చట్టములను మార్చబోమని మాట యిచ్చిరి. ఆంగ్ల పాలనలోను కథోలిక సంప్రదాయము నిలుచుట కిది ముఖ్య కారణము. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వము రద్దయ్యెను. నష్టపరిహారము మాత్రము యజమానులకే ముట్టెను.

విముక్తులు భూమియు, చదువును, ఆదరణయు లేక యుండగా, 1841లో జాక్ దెజిరే లవాల్ అను ఫ్రెంచి గురువు వచ్చెను. 1803లో నార్మండీలో జన్మించిన ఈయన తొలుత వైద్యుడు. వచ్చినవెంటనే పేదల క్రియోలు భాష నేర్చెను. దొరల నడుమ కూర్చుండ సంకోచించు నల్లవారికొఱకు ఆదివారము మధ్యాహ్నము ప్రత్యేకముగా పూజ జరిపెను. తోటల యజమానులు పరిహసించినను లెక్కసేయలేదు. ఆ పేదలలోనుండియే సహాయకులను తీర్చి, పలుచోట్ల చిన్న ప్రార్థనామందిరములను నెలకొల్పెను. స్వదేశమునకు మరల వెళ్లకయే 1864 సెప్టెంబరు 9న కాలధర్మము నొందెను. 1979లో రెండవ జాన్ పాల్ పోపు ఆయనను ధన్యునిగా ప్రకటించెను. ఏటేట సెప్టెంబరు 8 రాత్రి జనులు పోర్ట్ లూయీ శివారున సాంత్ క్రువాలోనున్న ఆయన సమాధికి కాలినడకన పోవుదురు. వారిలో హిందువులును, ముస్లిములును, చీనీయులును గలరు.

ఉత్తరపు కొనను కాప్ మలరో వద్ద ఎఱ్ఱని పైకప్పుగల చిన్న చర్చిని యాత్రికులెల్లరు ఛాయాచిత్రము తీయుదురు. 1810లో ఆంగ్ల సేన దిగినది ఆ ప్రాంతముననే. నైరృతి మూలను 556 మీటర్ల ల మోర్న్ కొండ కలదు. పాఱిపోయిన బానిసలు దాని గుహలలో తలదాచుకొనిరి. స్వేచ్ఛావార్తను దెచ్చిన రక్షకభటులను జూచి, పట్టుకొనుటకే వచ్చిరని భయపడి, వారు కొండపైనుండి దుమికిరని జనశ్రుతి. 2008లో యునెస్కో ఆ కొండను ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. దాని పాదముననే మిక్కిలి సుందరమైన సాగరతీరము కలదు. దీవి లోపలి బ్లాక్ రివర్ లోయల అడవి మఱియొక రక్షణకథను చెప్పును. 1974 నాటికి నాలుగు మాత్రమే మిగిలిన మారిషస్ డేగ, మానవ ప్రయత్నముచే మరల వందల సంఖ్యకు పెరిగినది. డచ్చివారి కాలమున అంతరించిన డోడోకు ఆ భాగ్యము కలుగలేదు.

బానిసత్వము అంతరించు తరుణమున, 1834 మొదలు, చెరకు తోటలకై భారతదేశమునుండి నాలుగు లక్షలకు పైగా ఒప్పందపు కూలీలు కొనిపోబడిరి. వారెక్కిన ఆప్రవాసీ ఘాట్ మెట్లు పోర్ట్ లూయీ రేవున నేటికిని నిలిచియున్నవి. యానామునకు చేరువనున్న కోరంగి రేవు పేరుమీదుగా అచట తెలుగువారిని ‘కొరింగీలు’ అనిరి. రామభజనమును, సింహాద్రి అప్పన్న పూజను వారి సంతతివారు విడువలేదు.

కావున విహారమునకై మారిషస్ కేగు తెలుగువారు కడలి యొడ్డున ఎన్ని దినములు గడపినను, ఒక పూట సాంత్ క్రువాకును, ఒక పూట ఆప్రవాసీ ఘాట్‌కును కేటాయింపవలెను. సంకెలలతో వచ్చినవారికి లవాల్ గురువు ఇచ్చిన గౌరవమును, ఒప్పందముపై వచ్చిన మనవారు కాపాడుకొనిన భాషాసంస్కృతులను తలచినపుడు, ఆ తీరము మనకు పరదేశమనిపింపదు.