పుండు, యాసిడ్, మధ్యలో ఒక క్రిమి

కడుపులో పుండు పుట్టించే క్రిమిని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ కనిపెట్టారని అందరూ చెబుతారు. నిజానికి అది అంతకు చాలాకాలం ముందే కంటపడింది. 1893లో ఇటలీ శాస్త్రవేత్త జూలియో బిజొజెరో కుక్కల జీర్ణాశయంలో మెలికలు తిరిగిన బాక్టీరియాను వర్ణించాడు. 1940లో అమెరికాలో ఫ్రీడ్‌బర్గ్, బారన్ ఆపరేషన్లలో కోసి తీసిన మనుషుల జీర్ణాశయాలను పరీక్షిస్తే దాదాపు 40 శాతంలో అలాంటివే కనిపించాయి. 1954లో ఎడ్డీ పామర్ వెయ్యికి పైగా బయాప్సీలు చూసి, ఏమీ లేవని తేల్చాడు. అందులో మోసమేమీ లేదు. ఆయన వాడిన మామూలు రంగులో ఆ క్రిమి సరిగా తేలదు. వెండి లవణాల రంగు వేస్తే స్పష్టంగా తెలుస్తుంది. కానీ ఆ నివేదికతో వెతుకులాట దాదాపు ఆగిపోయింది.

అలా ఆగిపోవడానికి రంగు ఒక్కటే కారణం కాదు. యాసిడ్ సిద్ధాంతం సగం నిజం కావడమే అసలు చిక్కు. యాసిడ్ లేకపోతే పుండే ఉండదని 1910లో కార్ల్ ష్వార్జ్ సూత్రీకరించాడు. పాలు, మీగడతో సిప్పీ పథ్యం, వేగస్ నాడిని కత్తిరించే ఆపరేషన్, 1976లో సిమెటిడిన్ మాత్ర అన్నీ ఆ దారిలోనే వచ్చాయి, అన్నీ ఎంతోకొంత పనిచేశాయి. నొప్పి తగ్గేది, పుండు మానేది. మందు ఆపితే తిరగబెట్టేది. అలా తిరగబెట్టడాన్ని రోగి స్వభావానికీ మనోవ్యథకూ అంటగట్టారు కానీ, వైద్యంలోనే లోపముందేమో అన్న అనుమానం రాలేదు. గ్రీసులో జాన్ లికుడిస్ అనే డాక్టరు 1958 నుంచే పుండ్లకు యాంటీబయాటిక్స్ ఇచ్చాడు. మెప్పుకు బదులు జరిమానా దక్కింది. మందుల కంపెనీల లాభాలే నిజాన్ని తొక్కిపెట్టాయని కొందరంటారు. ఆ లాభాలు మార్పును ఆలస్యం చేసి ఉండవచ్చు. అయితే వెతుకులాట సిమెటిడిన్ రాకకు 20 ఏళ్ల ముందే నిలిచిపోయిందని మరవకూడదు.

వారెన్ 1979లో బయాప్సీల మీద మళ్లీ వెండి రంగు వేశాడు. రెండేళ్లకు మార్షల్ తోడయ్యాడు. 1982 ఈస్టర్ సెలవుల్లో పారేయకుండా అయిదు రోజులు వదిలేసిన కల్చర్ ప్లేట్లలో క్రిమి పెరిగింది. 1984లో మార్షల్ తానే ఆ క్రిమిని తాగిన ఉదంతం ప్రసిద్ధమే గానీ, దానితో రుజువైంది జీర్ణాశయపు వాపే, పుండు కాదు. నా లెక్కలో బలమైన సాక్ష్యం 1988 నాటి వాళ్ల ప్రయోగం: క్రిమి మిగిలిన వాళ్లలో మానిన పుండ్లలో 84 శాతం ఏడాదిలోపు తిరగబెట్టాయి, క్రిమి పోయిన వాళ్లలో 21 శాతమే. మన దేశంలో ఎంతోమంది కడుపుల్లో ఈ క్రిమి ఉంది, అందరికీ పుండు లేదే అనే ఆక్షేపణ సబబైనదే. కానీ క్షయ క్రిమి సోకిన వాళ్లందరికీ క్షయ రాదు. క్రిమి రకం, పొగతాగడం, ఒంటి తత్వం కూడా లెక్కలోకి వస్తాయి. నొప్పి మాత్రల వల్ల క్రిమి లేకుండానే పుండ్లు పడతాయి.

1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు యాంటీబయాటిక్ చికిత్సను సిఫార్సు చేసింది. 2005లో వారెన్, మార్షల్ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. యాసిడ్ మందులు మాత్రం మూలన పడలేదు. యాసిడ్ తగ్గితేనే యాంటీబయాటిక్స్ బాగా పనిచేస్తాయి గనుక రెండూ కలిపే ఇస్తారు. ఇప్పుడు క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు క్రిమి లొంగడం తగ్గింది, భారత్‌లో మెట్రోనిడజోల్‌కూ అదే గతి. అందుకే చాలాచోట్ల డాక్టర్లు పాతకాలపు బిస్మత్‌ను కలిపి, నాలుగు మందులు 14 రోజులు వాడమని రాస్తున్నారు.