హామార్‌లో రెండో ఉదయం

1993 జులై 16. నార్వేలోని హామార్ పట్టణం. మ్యోసా సరస్సు పక్కన బోర్లించిన వైకింగు ఓడ ఆకారంలో కట్టిన పెద్ద హాలు, వైకింగ్‌షిపెట్. తరువాతి చలికాలంలో జరిగే లిల్లెహామర్ ఒలింపిక్స్‌లో స్పీడ్ స్కేటింగ్ కోసం కట్టిన ఆ హాల్లో, అప్పటికి మాత్రం 250 మీటర్ల చెక్క ట్రాకు పరిచి ఉంది. దాని మీద గంటసేపు ఏకబిగిన తొక్కి, 27 ఏళ్ల స్కాట్లండ్ యువకుడు గ్రేమ్ ఒబ్రీ సైకిలు దిగాడు. కావలసిన దూరానికి దాదాపు కిలోమీటరు తగ్గింది.

అవర్ రికార్డు నియమం చాలా చిన్నది. గంటలో ఎంత దూరం పోగలవు? పక్కన పోటీదారు ఉండడు, గాలికి అడ్డుపడే గుంపు ఉండదు. గేరు మార్చడానికి లేదు, పెడల్ తొక్కడం ఆపడానికి లేదు. 1893లో పారిస్‌లో ఆన్రి డెగ్రాంజ్ 35.325 కిలోమీటర్లతో మొదలుపెట్టిన లెక్క ఇది. 1972లో ఎడీ మెర్క్స్ దాన్ని 49.431కి తెచ్చాడు. 1984లో ఇటలీ వీరుడు ఫ్రాంచెస్కో మోజర్ మెక్సికో సిటీకి వెళ్లి, సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైన, పలచటి గాలిలో, అప్పటికి కొత్తవైన డిస్క్ చక్రాలతో 51.151 చేశాడు. తొమ్మిదేళ్లుగా ఆ అంకె చెక్కుచెదరలేదు. దాన్ని కొట్టడానికి బయల్దేరిన ఒబ్రీకి పెద్ద జట్టు లేదు. సొంతంగా నడిపిన సైకిల్ షాపు మూతపడింది. చేతిలో డబ్బు లేదు. ఉన్నదల్లా తాను స్వయంగా చేసుకున్న ఒక సైకిలు. దానికి అతను పెట్టుకున్న పేరు ‘ఓల్డ్ ఫెయిత్‌ఫుల్’.

ఆ మొదటిరోజు మాత్రం అతను ఎక్కింది దాన్ని కాదు. దానికి నకలుగా మైక్ బర్రోస్ తయారుచేసిన కొత్త సైకిలును. బర్రోస్ సామాన్యుడు కాదు. అతని ఆలోచనలోంచి పుట్టిన కార్బన్ సైకిలునే లోటస్ సంస్థ తయారు చేసింది. కడ్డీలు అతికించకుండా ఒకే పెంకుగా పోతపోసిన ఆ సైకిలు మీదే క్రిస్ బోర్డ్‌మన్ 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. అలాంటి చేయి పడిన నకలు, ఒబ్రీ స్వయంగా చేసుకున్న అసలుకంటే నిస్సందేహంగా నాణ్యమైన వస్తువే. అయినా ఆ గంట కుదరలేదు.

ఎందుకు కుదరలేదో తెలియాలంటే, అసలు సైకిలు ఎలా పుట్టిందో చూడాలి.

ఒబ్రీ సైకిలు బొమ్మ గీసుకుని పని మొదలుపెట్టలేదు. తన ఒంటిని చూసి మొదలుపెట్టాడు. మనిషి నడిచేటప్పుడు పాదాలు రెండూ దగ్గరదగ్గరగా పడతాయి. సైకిలు ఎక్కితే ఎడంగా పోతాయి, ఎందుకంటే పెడళ్లు బిగించే రెండు క్రాంకుల మధ్య ఇరుసూ, దాన్ని మోసే బేరింగులూ, ఫ్రేము గొట్టమూ ఇంత చోటు కావాలంటాయి. మామూలు రోడ్ సైకిలుకు క్రాంకుల బయటి అంచుల మధ్య దూరం సుమారు 145–150 మిల్లీమీటర్లు. ఇది ఎవరి కాళ్లనో కొలిచి పెట్టింది కాదు, విడిభాగాల కొలతల వల్ల మిగిలిపోయింది. దాన్ని తగ్గించాలని ఒబ్రీ పట్టుబట్టాడు.

అక్కణ్నుంచి చిక్కు మీద చిక్కు. ఇరుసు గూడు సన్నగా చేస్తే దుకాణంలో దొరికే బేరింగులు పట్టవు. కాళ్లు దగ్గరైతే మోకాళ్లు అడ్డకడ్డీకి తగులుతాయి. మన దగ్గర పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుంటామే, ఆ కడ్డీ. దాన్ని తీసిపారేశాడు. క్రాంకులు లోపలికి జరిగాయి గనక వెనక చక్రానికి వెళ్లే కింది కడ్డీలకు తగులుతాయి. ఆ కడ్డీలను నేలకు సమాంతరంగా కాకుండా వాలుగా అమర్చి, క్రాంకు తిరగడానికి దారి వదిలాడు. ఒక లోపాన్ని సరిదిద్దితే పక్కన మరోటి లేచేది, దాన్ని సరిదిద్దితే ఇంకోటి. ఫ్రేములో ప్రతి వంపు వెనకా అలాంటి ఒక తగాదా ఉంది. చూసేవాళ్లకు వికారంగా కనిపించిన ప్రతిచోటా ఒక జవాబు ఉంది.

బేరింగు సంగతే ప్రపంచమంతా పాకింది. వాషింగ్ మెషీన్ బేరింగు తీసి ఇరుసుకు వేశాడు. నిమిషానికి 1,200 చుట్లు తిరిగే యంత్రంలో నిలిచినది, నిమిషానికి వంద చుట్లు తిరిగే సైకిల్లో తప్పక నిలుస్తుందని అతని లెక్క. ఇందులో వెర్రి ఏముంది? చేతికి అందిన వస్తువును దాని పనితనం చూసి ఎంచుకున్న పనివాడి ఆలోచన అది. కానీ పత్రికలకు ఆ ఒక్కటే చాలింది. ‘వాషింగ్ మెషీన్ సైకిలు’ అన్నారు, తుక్కు ఏరి బండి కట్టాడన్నారు. ఆ మాట బయటపెట్టినందుకు ఒబ్రీ తర్వాత బాధపడ్డాడు. బేరింగు ముందుకొచ్చి, అతను చేసిన మిగతా పనంతా వెనక్కి పోయిందని. ఆ బాధ న్యాయమైనదే. ఆ సైకిల్లో అన్నిటికంటే చిన్న విషయం బేరింగు.

ఆ ఇరుసు గూటి గొడవ ముప్పై ఏళ్ల తర్వాత కూడా తీరలేదు. ఇప్పుడు చౌకలో కార్బన్ ఫ్రేము తెప్పించుకుని, గేర్లూ బ్రేకులూ చక్రాలూ విడివిడిగా కొని ఇంట్లో రోడ్ బైకు బిగించుకునేవాళ్లు ఎందరో. వాళ్లను మొదట ఏడిపించేది ఇదే చోటు. పాత ఫ్రేముల్లో బేరింగు కప్పులకు మరలు ఉండేవి. ప్రెస్-ఫిట్ పద్ధతిలో మరలు లేవు, గుండ్రటి గూట్లోకి బిర్రుగా నొక్కి ఎక్కించడమే. బీబీ86 అనే కొలతలో గూడు వ్యాసం 41 మిల్లీమీటర్లు, వెడల్పు 86.5. ఖరీదైన ఫ్రేముల్లోనే ఈ కొలత తప్పుతుంటుంది, చౌక ఫ్రేముల్లో మరీనూ. గూడు వెంట్రుకవాసి పెద్దదైనా, కాస్త కోలగా తిరిగినా, రెండు పక్కల గూళ్లు ఒకే గీత మీద లేకపోయినా కప్పు లోపల కదులుతుంది. ప్రతి తొక్కుకీ కిర్రుమంటుంది.

అక్కడే చాలామంది తొందరపడతారు. కిర్రుమంటే ఆ ఇరుసు గూడే, అంటే బాటమ్ బ్రాకెట్టే అని బేరింగులు కొట్టి తీసేస్తారు. బోలుగా ఉన్న కార్బన్ గొట్టంలో శబ్దం ఎక్కడ పుట్టి ఎక్కడ వినిపిస్తుందో చెప్పడం కష్టం. సీటు మీంచి లేచి తొక్కితే ఆగిందా? అయితే సీటు గొట్టం, దాని బిగింపు చూడాలి. తొక్కకుండా హ్యాండిల్ను మాత్రమే గుంజినా వస్తోందా? ముందు బేరింగులు, ఫోర్కు. పెడళ్లు మార్చి చూడాలి, చక్రం మార్చి చూడాలి, పళ్లచక్రం బోల్టులు విప్పి తుడిచి మళ్లీ బిగించాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మూడు కలిపి మార్చి శబ్దం పోతే రోగం ఏదో తెలియదు, రేపు తిరిగొస్తే మళ్లీ మొదటికే. ఇవన్నీ దాటాక కూడా గూడే దోషమని తేలితే, రెండు పక్కల కప్పులూ నడుమ ఒకదాన్నొకటి మరతో పట్టుకునే రకం బాటమ్ బ్రాకెట్ వేస్తే చాలాసార్లు కుదురుకుంటుంది.

ఇనుముకు అలవాటైన చేతులు కార్బన్ దగ్గర మరో పాఠం నేర్చుకోవాలి. సీటు గొట్టం జారుతోందని ఇంకాస్త బిగిస్తే ఇనుము ఊరుకుంటుంది, కార్బన్ లోపల నలుగుతుంది. దాని మీద రాసిన బిగింపు హద్దు సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, టార్క్ రెంచి లేకుండా ఆ అంకె పట్టుకోవడం ఎవరివల్లా కాదు. జారకుండా ఉండాలంటే బలం కాదు, ఇసుక పలుకుల్లాంటి గరుకు ఉన్న కార్బన్ పేస్టు రాయాలి. ఫోర్కు గొట్టం కార్బన్‌దైతే పాత సైకిళ్లలోలా ఇనుప నక్షత్రపు బిళ్ల దిగగొట్టకూడదు, లోపల వ్యాకోచించే ప్లగ్గు పెట్టాలి. ఇది పట్టించుకోకపోతే పోయేది డబ్బు మాత్రమే కాదు. ఫోర్కు విరిగితే మనిషి ముఖం మీద పడతాడు. ఫ్రేము మీద ఎక్కడైనా నాణెంతో తడితే మిగతాచోట్ల ఖంగుమని, ఒకచోట మందంగా పలికితే ఆ సైకిలును పక్కన పెట్టి తెలిసినవాళ్లకు చూపించాల్సిందే.

ఈ పనులన్నిట్లో మనిషికి అలవడేది ఒక తీరు. ఏ భాగం ఎందుకుందో తెలిసి ఉండటం. ఒబ్రీకి ఉన్నది అదే.

అతని సైకిల్లో మరో సగం అతని ఒళ్లే. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో మనిషి బలమంతా దాదాపు గాలిని చీల్చడానికే పోతుంది. వేగం కొంచెం పెరగాలన్నా బలం అంతకంటే ఎంతో ఎక్కువ పెరగాలి. అందుకే అతను చేతుల్ని గాలికి తగలకుండా దాచాడు. హ్యాండిల్ను ఛాతీ కిందకి, బాగా ఇరుకుగా తెచ్చి, మోచేతులు మడిచి, భుజాలను పక్కటెముకలకు అదిమి, దాని మీద వంగి తొక్కేవాడు. ఆ సైకిలు ఎక్కి చూసిన ఒక ఫ్రెంచ్ రచయితకు బయల్దేరేటప్పుడు తిన్నగా నడపడమే గగనమైంది, వేగం అందుకున్నాక మాత్రం ఆ భంగిమ కుదిరింది. కొత్తవాళ్లకు లొంగని బండి అది. నకలును ఎంత శ్రద్ధగా చేసినా, ఏళ్ల తరబడి ఒళ్లూ ఇనుమూ ఒకదానికొకటి సర్దుకున్న వైనం అందులోకి రాదు. బర్రోస్ పనిలో లోపం వెతకడం న్యాయం కాదు.

జులై 16 సాయంత్రం. ట్రాకు 24 గంటలకు తీసుకుని ఉంది. గంటసేపు ప్రాణం పెట్టి తొక్కినవాడు మామూలుగా రోజుల తరబడి కోలుకోడు. మెర్క్స్ అంతటివాడే తన గంట తర్వాత, జీవితంలో అంత కష్టం ఎరగనని చెప్పాడు. మర్నాడే మళ్లీ చేస్తానని ఒబ్రీ నిర్ణయించుకున్నాడు. ఈసారి తన సైకిలు మీద.

నిద్రపోతే కండరాలు బిగుసుకుపోతాయి. దానికీ ఒక ఉపాయం కనిపెట్టాడు. గ్లాసు మీద గ్లాసు నీళ్లు తాగి పడుకున్నాడు. ఒంటేలుకు లేవక తప్పదు. లేచినప్పుడల్లా కాళ్లు సాగదీసుకున్నాడు. మళ్లీ నీళ్లు, మళ్లీ పడక. రాత్రంతా అదే. రేపటి యంత్రంలో బిగుసుకుపోయే భాగం తన కాళ్లేనని అతనికి తెలుసు. దాన్ని సడలించే పని రాత్రే చేశాడు.

పొద్దున్నే హాలుకు చేరాడు. నిన్నటి సందడి లేదు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ట్రాకు మీదికి వచ్చింది. ఆలస్యం చేయలేదు, ఎక్కాడు. మోచేతులు మడిచాడు, తల దించాడు. చుట్టుకు సగటున పదిహేడున్నర సెకన్లు. అలా 206 చుట్లు దాటి, గంట ముగిసేసరికి 51.596 కిలోమీటర్లు. మోజర్ కంటే 445 మీటర్లు ఎక్కువ. అదీ మెక్సికో పలచటి గాలిలో కాదు, సముద్రమట్టానికి కాస్తే ఎత్తులో ఉన్న ఊళ్లో. నిన్నటి గంట అలసట ఇంకా కాళ్లలో ఉండగా.

ఆరు రోజులు నిలిచింది ఆ రికార్డు. జులై 23న ఫ్రాన్సులోని బోర్డోలో బోర్డ్‌మన్ 52.270 చేశాడు. ఆగస్టులో అదే హామార్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్. పర్సూట్ సెమీఫైనల్లో ఎదురుపడిన బోర్డ్‌మన్‌ను ఒబ్రీ ఓడించి, ఫైనల్ కూడా గెలిచి ప్రపంచ విజేత అయ్యాడు. 1994 ఏప్రిల్‌లో బోర్డోకే వెళ్లి 52.713తో అవర్ రికార్డు తిరిగి తెచ్చుకున్నాడు.

అప్పుడే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య అతని భంగిమను నిషేధించింది. 1994 ప్రపంచ పోటీలకు ఇటలీ వెళ్లినవాడికి, ట్రాకెక్కడానికి గంట ముందు ఆ సంగతి తెలిసింది. మానుకోనన్నాడు, అనర్హుడన్నారు. ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ప్రయోగశాలలూ కార్బన్ అచ్చులూ ఉన్నవాళ్లు చేసినది ప్రగతి అయినప్పుడు, కూర్చునే తీరును ఆలోచనతో మార్చినవాడిది నేరం ఎలా అవుతుంది? 1995లో ఒబ్రీ కొత్త భంగిమతో వచ్చాడు, ఈసారి చేతులు పూర్తిగా ముందుకు చాచి. దాంతో బొగొటాలో మళ్లీ ప్రపంచ విజేత. మరుసటి ఏడు మాంచెస్టర్‌లో బోర్డ్‌మన్ 56.375 కిలోమీటర్ల గంట తొక్కింది ఒబ్రీ కనిపెట్టిన ఆ భంగిమలోనే. తర్వాత దాన్నీ నిషేధించారు. 2000లో నియమాలు తిరగరాసి, మెర్క్స్ నాటి సైకిలును కొలతగా పెట్టి, మోజర్, ఒబ్రీ, బోర్డ్‌మన్ల అంకెలన్నీ వేరే పట్టికకు మార్చారు.

ఆ ఏళ్లలో ఒబ్రీ మానసికంగా ఎంత నలిగిపోయాడో తన ఆత్మకథలో దాచకుండా రాశాడు. ప్రాణం తీసుకోవడానికి ప్రయత్నించిన సంగతులతో సహా. గెలుపు ఆ బాధకు మందు కాలేదు. దాని గురించి బయటికి మాట్లాడటం మొదలుపెట్టాక అతన్ని చూసి ధైర్యం తెచ్చుకున్న క్రీడాకారులు ఉన్నారు. రికార్డులకంటే అది తక్కువ పనేం కాదు.

చేతులు మాత్రం ఊరుకోలేదు. 2013 సెప్టెంబరులో, 48 ఏళ్ల వయసులో, అమెరికాలోని నెవాడా రాష్ట్రం బ్యాటిల్ మౌంటెన్ ఎడారి రోడ్డుకు ఒక వింత బండితో వెళ్లాడు. పేరు ‘బీస్టీ’. బోర్లా పడుకుని, తల ముందుకు పెట్టి తొక్కాలి. భుజాలకు ఆనేచోట పాత వంటగిన్నె ముక్కలు వాడాడు. సొంత ఇంట్లోనే చేశాడు. బోర్లా పడుకుని తొక్కే రకంలో గంటకు 56.62 మైళ్లు, అంటే 91 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో కొత్త రికార్డు పెట్టాడు.