స్లైడుల స్కానింగు: అల్పవ్యయ సాధనముల పరిణామము

1936వ సంవత్సరమున 35 మిల్లీమీటర్ల కోడాక్రోము ఫిల్ము విపణిలోనికి వచ్చినది మొదలు, 1961లో కోడాక్ సంస్థ వెలువరించిన కరౌసెల్ ప్రొజెక్టరు అమెరికా గృహములలో సుప్రతిష్ఠితమగు వరకును, వర్ణస్లైడు సామాన్య కుటుంబముల స్మృతులకు ఆశ్రయమై క్రమముగా వర్ధిల్లెను. ప్రొజెక్టరు మూలబడిన పిమ్మట, రెండంగుళముల చదరపు చట్రములో ఒదిగిన ఆ చిత్రమును చూచుటయే దుష్కరమయ్యెను. దానిని కంప్యూటరు తెరపైకి తెచ్చు విద్య సామాన్యునకెట్లు చిక్కెనో పరిశీలింపదగియున్నది.

ఈ విద్యకు బీజము 1957లో పడినది. అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రస్సెల్ కిర్ష్ తన పసికుమారుని ఛాయాచిత్రమును 176 వరుసలుగా, వరుసకు 176 బిందువులుగా విభజించి కంప్యూటరునకు అందించెను. నేడు స్లైడును అంగుళమునకు 4000 బిందువుల చొప్పున స్కాను చేసినచో రెండు కోట్లకు పైబడిన బిందువులు లభించును.

చిత్రములను దిద్దు సాఫ్ట్‌వేరునకును స్లైడు స్కానరునకును గల బాంధవ్యము పాతది. 1987లో మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ నోల్ రచింప నారంభించి, సోదరుడు జాన్ తోడ్పాటుతో పెంపొందించిన ప్రోగ్రాము, 1990లో అడోబ్ సంస్థ ఫోటోషాప్ పేర విడుదల చేయుటకు పూర్వమే, బార్నీస్కాన్ అను స్లైడు స్కానరునకు తోడుగా సుమారు 200 ప్రతులు చెల్లెను. యంత్రమునకు అనుబంధమైన ఆ ప్రోగ్రామే స్వతంత్రమైన పిదప వందల డాలర్ల వెల పలికినది. 1996లో బర్క్‌లీ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ వెలువరించిన జింప్ అను చిత్రములు దిద్దు ప్రోగ్రాము ఉచితమగుటయే కాక, తన సోర్సుకోడును సర్వులకును అందుబాటులో నుంచెను. 2001లో అడోబ్ సంస్థయే నూరు డాలర్ల లోపు వెలకు ఫోటోషాప్ ఎలిమెంట్స్‌ను తెచ్చెను.

దిద్దుటకు చౌకమార్గము దొరికినను, స్కాను చేయుటలోని చిక్కు వేరు. స్కానరును నడపు డ్రైవరు తయారీదారుని దయపై ఆధారపడియుండును. ఆపరేటింగు సిస్టము మారి, క్రొత్త డ్రైవరు రానిచో, చెక్కుచెదరని యంత్రము సైతము నిరుపయోగమగును. నికాన్ కూల్‌స్కాన్ యంత్రములకు పట్టిన గతి యిదియే. 1998లో ఎడ్ హామ్రిక్ ఆరంభించిన వ్యూస్కాన్ అను స్కానింగు ప్రోగ్రాము స్వల్పమూల్యమునకును, లినక్సు లోకమున సేన్ అను మరియొకటి ఉచితముగను, అట్టి అనాథ యంత్రములకు పునర్జన్మ నొసగినవి.

అయినను ప్రతి కార్యమును సాఫ్ట్‌వేరు సాధింపజాలదు. ధూళిని, గీతలను పరారుణ కాంతితో గుర్తించి తుడుచు విధానము తక్కిన వర్ణఫిల్ములకు మేలు చేయుచున్నను, కోడాక్రోము ఆ కాంతిని కొంత అడ్డగించుటచే, చిత్రభాగమునే మాలిన్యముగా భ్రమించుట కలదు. అట్టి స్లైడులను చేతితో దిద్దుట తప్పదు. ఆ పనికి జింప్ చాలును.

2013లో అడోబ్ తన ప్రధాన సాధనములను చందాపద్ధతికి మార్చిన తరువాత, కొనుగోలు వెలయొక్కటే పొదుపునకు కొలతగా నిలువలేదు. కావున స్లైడులను భద్రపరచగోరువారు మొదట తమ స్కానరును ఏ ప్రోగ్రాము గుర్తించునో తెలిసికొని, ఆ పిమ్మట వెల విచారించుట యుక్తము.