జపాను దేశపు సుషి యంగడి



క్రీడాభిరామము చదివిన పెద్దలకు ఓరుగంటి పూటకూటి యిల్లు జ్ఞప్తియందుండును. ఒక రూక చెల్లించిన బాటసారికి అచట కమ్మని భోజనము దొరకెడిది. రాజుల కోటలను గూర్చియు, యుద్ధములను గూర్చియు వ్రాసిన చరిత్రకారులు పెక్కుమంది కలరు. కాని యూరివారి యాకలి దీర్చిన యిట్టి చిన్న యిండ్ల చరిత్రమును వ్రాసినవారు తక్కువ. నేడు అట్టి యొక చిన్న యంగడి కథను మీకు వినిపింప దలచితిని. అది మన దేశమునది కాదు, జపాను దేశమునది.

బడిపంతులుగా నుద్యోగము విరమించిన పిమ్మట నేను మా కుమారుని జూచుటకు టోక్యో నగరమునకు పోయి కొన్నాళ్లుంటిని. అతని యింటికి రెండు వీధుల యవతల ఒక సుషి యంగడి కలదు. వాకిట నీలపు గుడ్డతెర వ్రేలాడుచుండును. దానిని చేతితో తొలగించి లోనికి పోవలెను. లోపల నున్నని కొయ్యబల్ల యొకటి, దానిముందు తొమ్మిది పీటలు, బల్లకావల వృద్ధుడైన యజమానుడు. వంటవాడును అతడే, వడ్డించువాడును అతడే. నేను చేపలు ముట్టనని మా అబ్బాయి చెప్పగా, ఆయన తల యూపి, కీరదోసకాయతో నొక చుట్టయు, ఎండిన సొరకాయ పట్టెలతో నొక చుట్టయు చేసి పెట్టెను. ఆ పట్టెలు మన వరుగులే! వానిని సోయా రసమునను చక్కెరయందును ఉడికించి, పుల్లని యన్నము నడుమ నుంచి, సముద్రపు నాచుతో చేసిన పలుచని రేకులో చుట్టుదురు. దానిని చేతితో తినుట యచట తప్పు కాదని తెలిసి నాకు ప్రాణము లేచివచ్చినది.

సుషి యనగా పచ్చిచేప యని మనలో ననేకు లనుకొందురు. అది పొరపాటు. పుల్లని యన్నమే సుషికి ప్రాణము. చేప లేకున్నను సుషి యగును గాని, ఆ యన్నము లేనిదే కాదు.

ఈ యాహారపు పుట్టుక వరిపొలములును ఏటిచేపలును సమృద్ధిగా గల ఆగ్నేయాసియా ఖండమున జరిగియుండునని పండితులు చెప్పుదురు. చేపను శుభ్రపరచి, ఉప్పు పట్టించి, వండిన యన్నము నడుమ నదిమి, పైన బరువు పెట్టి నెలల తరబడి యుంచెడివారు. అన్నము పులిసి, ఆ పులుపువలన చేప చెడక నిలిచెడిది. తినునప్పుడు చేపను దీసికొని యన్నమును పారవైచెడివారు. ఊరగాయ జాడీల మర్మ మెరిగిన మన యిల్లాండ్రకు ఇందు వింత యేమియు తోపదు. క్రీ. శ. 718లో జపానువారు కూర్చిన ధర్మశాసనమున రాజునకు పన్నుగా చెల్లింపదగిన వస్తువులలో సుషి పేరును గలదు. షిగా మండలమునందలి బివా సరస్సు తీరమున నేటికిని ఆ ప్రాచీనపద్ధతిని చేపలను నిలువచేయుచున్నారు.

తరువాతి శతాబ్దములలో జనులు చేప పూర్తిగా మాగువరకు ఆగక, అన్నమునుగూడ దానితో తినసాగిరి. పదునేడవ శతాబ్దమున అన్నమునకు పులిసిన ద్రావకమును, అనగా సిర్కాను, కలుపుట వాడుకలోనికి వచ్చెను. అంతట నెలల పని దినములకును, దినముల పని ఘడియలకును దిగెను.

నేటి టోక్యోకు పూర్వనామము ఎదో. పందొమ్మిదవ శతాబ్దారంభమున అందు ఇంచుమించు పదిలక్షల జనము నివసించెడివారు. ఊరు విడిచి పొట్టచేత పట్టుకొని వచ్చిన వడ్రంగులును కూలివారును వారిలో మెండు. వారికి తీరికగా కూర్చుండి తినుటకు వేళ లేదు. 1820 ప్రాంతముల హనాయ యోహే యను నతడు సిర్కా యన్నమును గుప్పిట నొత్తి, పైన చేపముక్క నుంచి యిచ్చు పద్ధతికి ప్రసిద్ధి దెచ్చెను. మంచుపెట్టెలు లేని కాలమగుటచే ఆ చేపను ఉప్పుననో, సిర్కాయందో, సోయా రసమునందో నానవేసెడివారు, లేక ఉడికించెడివారు. హందా పట్టణమున నకానో మతాజయెమోను అను వర్తకుడు బియ్యపు మద్యము పిండగా మిగిలిన పిప్పినుండి చేయించిన చవుక సిర్కా ఓడలలో ఎదోకు వచ్చి, ఈ వ్యాపారమునకు ఊతమయ్యెను. ముద్దలు నేటి వానికంటె పెద్దవి. వీథిలో బండ్లయొద్ద నిలుచుండి, రెండు ముద్దలు మ్రింగి, పనికి పోయెడివారు. నేడు ధనవంతులు వేలు పోసి తిను సుషి ఆనాడు కూలివాని ఫలహారము.

1923 సెప్టెంబరు 1వ తేదీన మహాభూకంపము వచ్చి టోక్యో దగ్ధమయ్యెను. అంగళ్లు పోయిన వంటవారు తమ తమ సొంతయూళ్లకు మరలి, ఆ పనితనమును అచటికి గొనిపోయిరి. ఆపద విద్యను చంపలేదు, వెదజల్లినది.

అంతకంటె గొప్ప పరీక్ష తరువాత వచ్చినది. 1945లో జపాను యుద్ధమున నోడిపోయెను. నగరములు బూడిదయైపోయెను. బియ్యము చీట్లపై కొలిచి యిచ్చు దినములవి. తిండిగింజలు దొంగసంతల పాలు కాకుండుటకై 1947 జూలైలో ప్రభుత్వము అత్యవసరశాసనము చేసి భోజనశాలలను మూయించెను. టోక్యో సుషి యంగళ్లకును తాళములు పడెను. అప్పుడా వృత్తిలోని పెద్దలు అధికారులకొక విన్నపము చేసిరి. తాము అన్నము నమ్మువారము కామనియు, కొనువాడు తన బియ్యము తానే తెచ్చుకొన్నచో దానిని సుషిగా చేసి యిచ్చి కూలి మాత్రము పుచ్చుకొందుమనియు వారి వాదము. మనము వడ్లు మరపట్టించి కూలి యిచ్చి వచ్చుట లేదా? మరవాడు బియ్యము నమ్మినవాడగునా? ఇదియు నట్టిదే. అధికారు లంగీకరించిరి. ఒక "గో" కొలత బియ్యము, అనగా సుమారు 150 గ్రాములు, తెచ్చినవానికి పది ముద్దలు. ఇదియే నిర్ణయము. ఇతర మండలములును ఈ యేర్పాటునే యనుసరించుటచే, ఓసాకా మొదలగు చోట్ల పెట్టెలలో నదిమి చేయు సుషి వెనుకబడి, ఎదో పద్ధతియే దేశమంతట వ్యాపించెను.

ఇందొక ధర్మసూక్ష్మము గలదు. ఆకలి కాలమున తన వంతు బియ్యమును పొరుగువాని చేతిలో పోయుట సామాన్యమా? తెచ్చినవాడు కొలత తగ్గింపగూడదు. చేసినవాడు పిడికెడు దాచుకొనగూడదు. చట్టము తలుపు తెరిచెనుగాని, అంగడిని నిలిపినది ఆ నమ్మకమే.

1958లో షిరాయిషి యోషియాకి యను నతడు ఓసాకా ప్రాంతమున క్రొత్త యంగడి తెరచెను. అందు సుషి పళ్లెములు కదలు పట్టెపై తిరుగుచు తినువారి ముందుకు వచ్చును. ధర తగ్గినది, బీదలకు మరల సుషి యందినది. ఇది మేలే. కాని యట్టి పెద్ద యంగళ్ల పోటీకి తాళలేకయు, వారసులు లేకయు, వీథిచివరి చిన్న యంగళ్లు అనేకము మూతపడుచున్నవి.

నేను చూచిన వృద్ధుని కొడుకు కచేరీ యుద్యోగి. ఈ పని తనతోనే సరియని ఆయన నవ్వుచు చెప్పెను. మేము లేచు సమయమున ఆయన బల్లక్రింది నుండి యొక చిన్న చెక్క కొలపాత్రను దీసి చూపెను. 1947 తరువాతి దినములలో పొరుగువారు గుడ్డలో మూటగట్టి తెచ్చిన బియ్యమును ఆయన తండ్రి దానితోనే కొలిచెనట. దాని యంచులు అరిగి గుండ్రనయినవి. వెల యెంతైనను అమ్మనని ఆయన చెప్పగా మా అబ్బాయి నాకు తెలుగున వినిపించెను.

మీ యూరిలోను అట్టి చిన్న యంగడి యొకటి యుండును. కరవునాటి కొలత నెరిగిన పెద్ద లచట నింక నుందురు. వారిని అడిగి, విని, పిల్లలకు చెప్పుడు. ఆ మాటలు వారితో పోయినచో మరల దొరకవు.

సెలవు.