ఆది లేని కొలత

తెలుగునాట దర్జీ దగ్గరికి కొత్త జాకెట్టు ముక్క పట్టుకెళ్లే ఆడమనిషి దాంతోపాటు పాత జాకెట్టు ఒకటి తీసుకెళ్తుంది. దాన్ని ఆది జాకెట్టు అంటారు. ఆది అంటే ఇక్కడ మొదలు కాదు, నమూనా. ఒంటికి కుదిరిందని ఇప్పటికే రుజువైన బట్ట. దర్జీ దాన్ని బల్ల మీద పరిచి చంక దగ్గర, భుజం దగ్గర, నడుం పట్టీ దగ్గర టేపు పెట్టి చూసుకుంటాడు. చేతులు అరంగుళం వదులు, మెడ కాస్త పైకి అన్న సవరణలు నోటిమాటగా అందుతాయి. అంటే కొలత బట్ట నుంచి బట్టకు పోతుంది. ఆ జాకెట్టు లోపల తొడుక్కునే బాడీకి మాత్రం ఈ మర్యాద దక్కలేదు. అది మన ఊళ్లకు అంకెగా వచ్చింది: ముప్పై రెండు, ముప్పై నాలుగు, ముప్పై ఆరు. హాయిగా కుదిరే బాడీ దొరకడం ఇంత కష్టమెందుకని అడిగితే, ఆడవాళ్లకు తమ కొలత తెలియకపోవడం వల్లేనని జవాబు వస్తుంది. చరిత్ర చూస్తే తప్పు అటు లేదు. ఆ కొలత పుట్టింది తొడుక్కునేవాళ్ల సుఖం కోసం కాదు, అమ్మేవాళ్ల బీరువా అరల కోసం.

సంస్కృతంలో కంచుకమంటే కవచం, రవిక, పాము విడిచే పొర కూడా. తెలుగులోనూ కుప్పసం, కుబుసం అన్న మాటలు తొడుక్కునే బట్టకీ పాము పొరకీ రెంటికీ చెల్లాయి. పాము పొర కంటే ఒంటికి కుదిరిన తొడుగు మరొకటి ఉండదు. రవిక ఎలా ఉండాలని జనం అనుకున్నారో ఆ మాటలోనే ఉంది. (మాట మీద మరీ ఇంత బరువు మోపకూడదు, నిజమే.) అజంతా ఒకటో గుహలో మహాజనక జాతక చిత్రంలోని నాట్యకత్తె చేతులున్న కుట్టు రవికతోనే కనిపిస్తుంది కాబట్టి, కుట్టిన పైతొడుగు మనకు నిన్నమొన్నటిదన్న మాట నిలవదు. కానీ నా వాదానికి అజంతా కంటే ముడి రవిక పెద్ద సాక్షి. ముందుభాగం తెరిచి ఉండి, రెండు కొసలనూ రొమ్ముల కింద ముడి వేసుకునే ఈ రైక పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ల ఒంటిమీద చాలాకాలం నిలిచింది. దానికి హుక్కులు లేవు, సైజు లేదు. నెలసరికి ముందు రొమ్ములు బరువెక్కినా, కడుపుతో ఉన్నా, పాలిచ్చే రోజులైనా, వయసు మళ్లి ఒళ్లు సడలినా అదే రైక పనికొస్తుంది. ఆడదాని ఒంటి కొలత నెలలోనే మారుతుందన్న సంగతి ఆ ముడికి తెలుసు. అంకెకు తెలియదు.

కుట్టుమిషను ఊళ్లకు చేరాక ముడి పోయి జాకెట్టు వచ్చింది. అయినా మన దర్జీలు ఒంటిని వదిలిపెట్టలేదు. క్రాస్ కటింగ్ అన్నది చూడండి: గుడ్డను పడుగు వెంట కాకుండా ఏటవాలుగా కత్తిరిస్తే నేత గుడ్డే కొంచెం సాగుతుంది, రొమ్ము గుండ్రదనానికి ఒదుగుతుంది. కటోరీ జాకెట్టు పేరులోనే గిన్నె ఉంది. ముక్కలు కలిపి గిన్నెలా మలిచే కుట్టు అది. పల్లెల్లో చాలామంది బిగుతైన క్రాస్ జాకెట్టుతోనే బాడీ అవసరం గడుపుకున్నారు. ఇక పక్కకుట్ల లోపల దర్జీ వదిలే అదనపు గుడ్డ సంగతి. అందులో ఒకదాని పక్కన ఒకటిగా రెండు మూడు కుట్లు వేసి ఇస్తాడు; ఒళ్లు చేసినప్పుడు ఒక కుట్టు విప్పుకుంటే చాలు. ముడి చేసిన పనినే ఈ కుట్లు మరో రకంగా చేశాయి.

ఐరోపాలోనూ మొదట్లో కథ ఇలాగే ఉంది. ఆస్ట్రియాలోని లెంగ్‌బెర్గ్ కోటలో 2008లో బయటపడిన 15వ శతాబ్ది నార బట్టల్లో విడివిడి గిన్నెలతో చేత్తో కుట్టిన తొడుగులు దొరికాయి. బాడీ ఇరవయ్యో శతాబ్దపు కల్పన అనుకున్నవాళ్లు మాట మార్చుకోవాల్సి వచ్చింది. అవి ఎవరికి వారికి కుట్టినవి. మలుపు అమెరికాలో వచ్చింది. మేరీ ఫెల్ప్స్ జేకబ్ అనే యువతి రెండు చేతిరుమాళ్లనూ రిబ్బనునూ కలిపి కుట్టుకున్న తొడుగుకు 1914 నవంబరు 3న పేటెంటు దక్కింది. ఆ హక్కును కనెక్టికట్ రాష్ట్రంలోని వార్నర్ బ్రదర్స్ కార్సెట్ కంపెనీ 1,500 డాలర్లకు కొనుక్కుంది. ఉక్కు పట్టీల కార్సెట్‌తో పోలిస్తే అది పెద్ద విముక్తే, అందులో సందేహం లేదు. అయితే ఆ పేటెంటు పత్రంలో ఆమె చూపించిన సుగుణాల్లో ఒకటి గమనించాలి: ఒకే తొడుగు రకరకాల ఒళ్లున్న ఎందరో కొనుగోలుదార్లకు సరిపోతుందని. అది దుకాణం వైపు నుంచి చూసిన సుగుణం. న్యూయార్కులో గౌన్ల దుకాణం నడిపిన ఐడా రోజెంతాల్, ఈనిడ్ బిసెట్ 1920లలో మెయిడెన్‌ఫార్మ్ పెట్టినప్పుడు, రొమ్ములు అణిచి అబ్బాయిల్లా చదునుగా కనిపించాలన్న ఆనాటి ఫ్యాషన్‌కు ఎదురు నిలిచారు. గౌను ఒంటిమీద బాగా కూర్చోవాలంటే లోపల ఆసరా ఉండాలన్నది దర్జీపని చేసినవాళ్లకు తట్టే ఆలోచన. వ్యాపారం పెరిగాక అదీ సైజుల పట్టికలోకే చేరింది.

ఏ, బి, సి, డి అక్షరాలు 1932లో ఎస్.హెచ్. క్యాంప్ అనే కంపెనీతో మొదలయ్యాయి. ఆ దశాబ్దంలోనే వార్నర్ కంపెనీ వాటిని బాడీల అమ్మకానికి వాడుకుంది. ఆలోచన మంచిదే. రొమ్ము కింది చుట్టుకొలత వేరు, రొమ్ము పరిమాణం వేరు అని ఒప్పుకున్న పద్ధతి అది. చిక్కు ఎక్కడంటే, అక్షరానికి తనకంటూ పరిమాణం లేదు. 34 బి గిన్నె, 32 సి గిన్నె, 36 ఏ గిన్నె మూడూ ఇంచుమించు ఒకటే. పట్టీ మారితే అక్షరం అర్థం మారుతుంది. దీనికితోడు రొమ్ము కింది కొలతకు నాలుగైదు అంగుళాలు కలిపి పట్టీ సైజు చెప్పే అలవాటొకటి స్థిరపడింది. సాగని గుడ్డ రోజుల్లో ఆ కలపడానికి కొంత అర్థం ఉండేదేమో. డ్యూపాంట్ ప్రయోగశాలలో 1958లో కృత్రిమమైన సాగే దారం పుట్టి, పట్టీలన్నీ సాగడం మొదలయ్యాక కూడా కూడికలు ఆగలేదు. సముద్రం దాటేసరికి ఈ పద్ధతిలో సగమే మిగిలింది. మన బజారులోని చవకరకం బాడీల మీద ఇప్పటికీ చాలావాటికి అంకె తప్ప అక్షరమే ఉండదు. అంతా ఒకే గిన్నె. ఫ్యాన్సీ షాపులో గల్లా పెట్టె ముందు నిలబడి, నలుగురి మధ్య గొంతు తగ్గించి చెప్పాల్సిన అంకె అది. తొడిగి చూసే వీల్లేదు, వాపసు తీసుకోరు. ఆది జాకెట్టు ఇచ్చిన చేతికి ఇది వింత బేరమే.

తప్పు సైజు వేసుకునేవాళ్లే ఎక్కువని చెప్పే లెక్కలు తరచూ కనిపిస్తాయి. 2008లో అచ్చయిన ఒక చిన్న అధ్యయనంలో 30 మంది యువతుల్ని కొలిస్తే 80 శాతం మంది తప్పు సైజులో ఉన్నారు. 70 శాతానికి బిగుతు, 10 శాతానికి వదులు. దీన్ని ఆడవాళ్ల అజ్ఞానానికి రుజువుగా చెప్పుకోవడం నాకు వింతగా తోస్తుంది. ముప్పై మందిలో ఇరవై నలుగురు తప్పారంటే పరీక్ష రాసినవాళ్లనా, ప్రశ్నపత్రాన్నా అనుమానించాల్సింది? ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో ఆ ప్రశ్నపత్రాన్నే పరీక్షించారు. టేపుతో కొలిచే మామూలు పద్ధతి పట్టీ సైజును ఎక్కువగా, గిన్నె సైజును తక్కువగా చూపుతోందని తేల్చారు. వాళ్లు సూచించిన మార్గం తొడిగి చూడడమే: పట్టీ వీపు మీదికి పాకుతోందా, గిన్నె అంచున రొమ్ము పొంగుతోందా, భుజం పట్టీ ఒరుసుకుంటోందా, గిన్నె కింది తీగె రొమ్ము మీద కాక ఎముక మీదే ఆనుతోందా. కుదిరిందో లేదో బట్టనే అడగాలన్నమాట. దర్జీ బల్ల మీద పరిచిన ఆది జాకెట్టు చెప్పేదీ అదే.

ఈ వాదానికి అభ్యంతరాలున్నాయి, కొన్ని బలమైనవే. అంకె లేకపోతే చవక లేదు. ఫ్యాక్టరీలో వేలకు వేలు కుట్టినందువల్లే కూలి డబ్బులతో బతికే ఆడపిల్ల కూడా బాడీ కొనుక్కోగలిగింది. ఒక్కొక్కరికి విడిగా కుట్టించుకోవడం ఉన్నవాళ్ల భోగం. ఇది కాదనలేను. అయితే చవకకు సైజులుంటే చాలు, ఇంత తక్కువ సైజులు, ఒకే గిన్నె ఉండనక్కర్లేదు. అది సరుకు నిల్వ తగ్గించుకునే లెక్క. రెండో అభ్యంతరం దర్జీ గురించి. మగవాడైన దర్జీ చేతి టేపు కింద నిలబడడం ఎందరికో ఇబ్బంది, అంకె ఆ ఇబ్బంది తప్పించింది అంటారు. కానీ ఆది పద్ధతి గొప్పతనమే అది: ఒంటిని తాకకుండానే కొలత అందుతుంది. మూడోదానికి నేను తలవంచుతాను. ముడి రవిక పరుగుకు పనికిరాదు, బరువైన రొమ్ములకు అది ఇచ్చే ఆసరా తక్కువ. బస్సు వెంట పరిగెత్తే, కబడ్డీ ఆడే ఒంటికి గిన్నె, పట్టీ, సాగే దారం కావాలి. పాతదానికి తిరిగి వెళ్దామని నేననడం లేదు. పాతదాంట్లో ఉన్న సవరణ గుణం కొత్తదాంట్లో ఎందుకు పోయిందన్నదే నా ప్రశ్న.

కొలతలే సరిగ్గా తీస్తే చాలదా అంటే, ఆ ప్రయత్నమూ జరిగింది. అమెరికా వ్యవసాయ శాఖ 1939-40లో దాదాపు 15 వేలమంది స్త్రీలను ఒక్కొక్కరికి 59 కొలతల చొప్పున కొలిచి 1941లో అచ్చువేసింది. లెక్కలోకి తెల్లవాళ్లనే తీసుకున్నారు. వాటి ఆధారంగా 1958లో వచ్చిన దుస్తుల సైజుల ప్రమాణాన్ని 1983లో ఉపసంహరించారు. మన దేశంలో జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ, నిఫ్ట్, హైదరాబాదుతో సహా ఆరు నగరాల్లో 25 వేలమందిని త్రీడీ స్కానర్లతో కొలిచే ఇండియాసైజ్ పని తలకెత్తుకుంది. ఇంతకాలం అరువు పట్టికలతో నడిచిన బజారుకు ఇది మేలే. అయినా స్కానరు పట్టేది ఒక్క క్షణపు ఒంటిని; నెల తిరిగేలోపు మారే ఒంటిని కాదు. ఆ మార్పు కోసం బాడీలో మిగిలిన చోటు ఒక్కటే, వీపు వెనక రెండు మూడు వరుసల్లో ఉండే కొక్కేలు. కొత్తదాన్ని చివరి వరుసకు తగిలించి, పట్టీ సాగేకొద్దీ లోపలి వరుసలకు జరుపుకుంటారు. మునుపు ముడి ఉన్నది రొమ్ముల కింద, కంటికీ చేతికీ అందేచోట. ఇప్పుడది వీపు మీదికి చేరింది, అరంగుళం అరంగుళంగా.