కలివికోడి చిరునామా

ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలని 2002 నాటి చట్టం 41వ సెక్షన్ చెప్తుంది. చిన్న పంచాయతీ నుంచి కడప, కర్నూలు కార్పొరేషన్ల దాకా. 2004 నాటి పాత నియమాల ప్రకారం ఒక అధ్యక్షుడు, నామినేట్ అయిన ఆరుగురికి మించని సభ్యులు, వాళ్ళలో మూడోవంతుకు తగ్గకుండా ఆడవాళ్ళు ఉండేవారు. ఇది కొలువు కాదు, ఊరి పని. అందులో ముఖ్యమైనది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయడం. ఊళ్ళో ఏ చెట్టుంది, ఏ పిట్టుంది, వాటి గురించి ఎవరికేం తెలుసు? ఈ చివరి ప్రశ్న దగ్గర నాకు ఐతన్న గుర్తొస్తాడు.

మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ పేరు మీద పుస్తకాలకెక్కిన ఒక పక్షికి 1848లో శాస్త్రీయ నామం పెట్టారు. 1900లో అనంతపురం దగ్గర కాంప్‌బెల్ చూశాడు. ఆ తర్వాత 86 ఏళ్ళు ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప ప్రాంతంలో బొమ్మ చూపించి అడుగుతూ తిరిగితే, ఇక్కడివాళ్ళు పేరుతో సహా చెప్పారు: కలివికోడి. కలివి పొదల మధ్య తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. పుస్తకాల్లో లేకుండా పోయిన పిట్టకు ఊళ్ళో పేరు మిగిలే ఉంది!

1986 జనవరిలో, లంకమల కొండల కింద రెడ్డిపల్లె దగ్గర, ఐతన్న రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని ప్రాణంతో పట్టాడు. ఆయన వేటగాడు. రాత్రి తిరిగే పిట్టను పట్టాలంటే రాత్రి అడవిలో తిరగడం తెలిసినవాడే కావాలి కదా. దొరికిన పిట్ట కొద్ది రోజులకే చచ్చిపోయింది, అది వేరే దుఃఖం. 1988లో దాని బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది, శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అదే ఏడు కర్నూలు వైపు రోళ్ళపాడులో బట్టమేక పక్షి కోసం 614 హెక్టార్లు కేటాయించారు. అక్కడ చుట్టుపక్కల సాగునీరు పెరిగి పంటలు మారాయి, బట్టమేక దాదాపుగా కనుమరుగైంది.

నీళ్ళ గొడవ కడపకూ వచ్చింది. 2005లో తెలుగుగంగ కాలువ కోసం యంత్రాలు కలివికోడి తిరిగే పొదల్లోకి దిగాయి. దాని మీద పరిశోధన చేస్తున్నవాళ్ళే అది చూసి ఫిర్యాదు చేశారు. వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్ళి, కాలువ దారి మారింది. సీమలో నీళ్ళు వద్దనే మాట నా నోట రాదు. కానీ దారి మార్చినా కాలువ పారుతుందని కూడా ఆ గొడవే చూపించింది.

ఇంకో చిక్కుంది. కలివికోడికి దట్టమైన అడవి పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. పొదలుండాలి, పొదల మధ్య ఖాళీ నేల ఉండాలి. మేకలు ఓ మోస్తరుగా మేస్తే ఆ ఖాళీ నిలుస్తుంది, మరీ మేస్తే పొదలు పోతాయి. రెవెన్యూ భాషలో అది బంజరు. పర్యావరణమంటే మొక్కలు నాటడమే అనుకునే కమిటీ, మంచి మనసుతోనే, ఆ బంజరంతా గుంతలు తవ్వించి దాని కొంప ముంచగలదు. ఎంత మేపితే ఎంత పొద మిగులుతుందో చెప్పగలిగేది మేకల కాపరి. ఆయన్ను ఆ సభ్యుల్లో ఒకరిగా కూర్చోబెట్టడానికి చట్టం అడ్డేమీ కాదు. రిటైరైన ఉద్యోగిని, కౌన్సిలర్ చుట్టాన్ని కూర్చోబెట్టడానికీ అడ్డు కాదు, అనుకోండి.

2008 తర్వాత చాలాకాలం ఆ పిట్ట జాడ లేదు. 2025 ఆగస్టులో కొందరు పక్షి ప్రేమికులు, సెలవులు పెట్టుకుని తిరిగే బాపతు, కడప వైపు రాత్రి దాని పిలుపు రికార్డు చేశారు. పిట్ట మాత్రం కనబడలేదు. ఇప్పటిదాకా తెలిసిన దాని గుడ్డు ఒకే ఒక్కటి, 1917లో సేకరించింది, స్కాట్లండ్‌లో ఆబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంది. గూడు ఎక్కడ పెడుతుందో ఏ రిజిస్టరులోనూ ఇంకా ఎక్కలేదు.