178 కాడ ఆపాలె

నల్గొండలో ఓ నీటి పరీక్షల ల్యాబు. ఎండాకాలం మధ్యాహ్నం, ఫ్యాను కూడా వేడిగాలే కొడుతోంది. మీ ముందు బల్లమీద ప్లాస్టిక్ సీసాలో మర్రిగూడ వైపు బోరునీళ్లున్నాయి, పటిక వేసి తేర్చినవి. వెలుతురుకెత్తి చూడండి, ఒక్క నలకైనా కనబడదు. తేల్చాల్సింది కంటికి కనబడని ఫ్లోరైడ్ సంగతి.

లీటరు పట్టే గుండ్రటి కుప్పెలో 400 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్. అందులోకి 200 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం.

"నీళ్లల్లనే ఆసిడ్ పొయ్యాలె బిడ్డా. ఆసిడ్ల నీళ్లు పొయ్యొద్దు," అంటాడు ల్యాబ్ అటెండర్, మీ పక్కనున్న డిగ్రీ అమ్మాయితో. ఆమె సన్నటి ధారగా పోస్తూ కుప్పెను తిప్పుతుంటుంది. మంట వెలిగించకముందే గాజు చెయ్యి కాలేంత వేడెక్కుతుంది.

మొదట 180 డిగ్రీల దాకా కాచి, దిగిన నీళ్లు పారబోస్తారు. కుప్పెలో, ఆమ్లంలో పాత ఫ్లోరైడ్ జాడ ఉంటే దాంతోనే పోతుంది. "సల్లారనియ్యి," అంటాడు అటెండర్. 80కి దిగాక 300 మిల్లీలీటర్ల బోరునీళ్లు పోసి మళ్లీ మంట పెడతారు.

గాజుపూసల చుట్టూ బుడగలు లేస్తాయి. ఆవిరి కండెన్సర్‌లోకి మళ్లుతుంది, కొసన మొదటి చుక్క వేలాడుతుంది. థర్మామీటర్ మీద కన్నుంచండి. నీరు వెళ్లిపోతున్నకొద్దీ మిగిలిన ఆమ్లం చిక్కబడి, మరిగే వేడి పైకి పాకుతూనే ఉంటుంది.

ఇంట్లో ఎంత మరగబెట్టినా ఫ్లోరైడ్ పోదు. ఆవిరయ్యేది నీరే, తగ్గిన నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఈ కుప్పెలో మాత్రం ఆమ్లం దాన్ని ఆవిరయ్యే రూపంలోకి మారుస్తుంది. సిలికాతో కలిసి ఫ్లువోసిలిసిక్ ఆమ్లమై అది ఆవిరితోపాటు దాటిపోతుంది. అల్యూమినియం వెనకే ఉండిపోతుంది.

ఇక్కడ పేచీ ఆ అల్యూమినియంతోనే. పటిక, సున్నం వేసి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని 'నీరి' పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు నల్గొండ టెక్నిక్. ఆ పటికలోని అల్యూమినియం నీళ్లలో కాస్త మిగిలినా ఫ్లోరైడును పట్టుకుని రంగు పరీక్షకు చిక్కనివ్వదు. ఉన్న విషం తక్కువగా కనబడుతుంది. పిల్లల పళ్లు, ఎముకలు ఈ పరీక్షలో తేలే అంకె మీదే ఆధారపడ్డ జిల్లాలో అలాంటి తప్పు జరగనివ్వకూడదు. ఇంతసేపు మంట దగ్గర నిలబడేది అందుకే.

"178 కాడ ఆపాలె!" మంట ఆరుతుంది. ఇంకాస్త ఆలస్యమైతే సల్ఫేటు కూడా దాటి లెక్క చెడగొడుతుంది.

దిగిన నీటిలో ఎర్రటి జిర్కోనియం రంగు కలుపుతారు. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువైతే ఎరుపు అంత వెలిసిపోతుంది. 570 నానోమీటర్ల దగ్గర కొలిచి, అంకెను గ్రాఫుతో పోల్చుతుందామె. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఇది 1.5 కూడా దాటింది.

"ఇంకోసారి చూస్తా సార్," అంటుంది. కుప్పెలో ఆమ్లం అలాగే ఉంచుతారు, మళ్లీ పనికొస్తుంది. సీసాలోంచి మరో 300 మిల్లీలీటర్లు కొలుస్తోంది.